అమ్మడూ, నువ్వూ ఎకో తీయించుకో

అమ్మడూ,

ఫోన్‌లో చెబితే "రోజూ పరుగెడుతున్నా నాన్నా, నాకేంటి" అని కొట్టిపారేస్తావు. అందుకే ఈ ఎకో, అంటే గుండె స్కాన్, సంగతి రాస్తున్నా, నిదానంగా చదువు.

నాది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని తేల్చారు. అంటే గుండె కండరం మందమైపోవడం. బీపీ వల్ల వచ్చింది కాదు, వంశంలోంచి వచ్చింది. గుండె గోడ మందం 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఈ జబ్బేమోనని చూస్తారు. నాకు 19 ఉంది. ఇంట్లో ఒకరికి ఉన్నప్పుడు మిగతావాళ్లకు 13 ఉన్నా వదిలెయ్యరు.

డాక్టరుగారు పట్టుకున్న తీరు చెప్పాలి. ముందు గొంతుక్కూర్చోబెట్టి స్టెతస్కోపుతో విన్నారు, తర్వాత లేచి నిలబడమన్నారు. నిలబడగానే గుండెలో మర్మర్, అంటే రక్తం పారేటప్పుడు వచ్చే అదనపు శబ్దం, పెరిగింది. నిలబడితే గుండెలోకి వచ్చే రక్తం తగ్గుతుంది, లోపలి గది చిన్నదవుతుంది, ఉబ్బిన గోడ రక్తం బయటికెళ్లే దారిని ఇంకా ఇరుకు చేస్తుందట. ఈసీజీ కూడా తేడాగానే వచ్చింది. ఎకోలో నేనే చూశాను: గుండె ముడుచుకున్న ప్రతిసారీ ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం రెక్క ఆ గోడవైపు లాక్కుపోతోంది. కండరంలో మచ్చలున్నాయేమోనని ఎమ్మారై కూడా రాశారు.

మీ బాబాయి వాలీబాల్ ఆడుతూ కుప్పకూలితే ఊరంతా హార్ట్ ఎటాక్ అంది. పోస్ట్‌మార్టం చేయించలేదు కాబట్టి ఇప్పుడు తేల్చలేం. అయినా ఆ వయసులో, ఆటలో పోయాడంటే ఇదే కావచ్చంటున్నారు డాక్టరుగారు. నీ డాక్టరుకి ఈ మాట తప్పకుండా చెప్పు.

నీకూ తమ్ముడికీ వచ్చే అవకాశం సగం సగం. ఇద్దరిలో ఒకరికే అని కాదు, ఎవరికి వాళ్లకే సగం. ఇది అయిదు వందల మందిలో ఒకరికి ఉండే జబ్బు, అంత అరుదేం కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు కూడా ఉన్న ఒక పరిశోధన 2009లో వచ్చింది. గుండె కండరాన్ని దెబ్బతీసే ఒక జన్యులోపం మన దేశంలో నూటికి నలుగురిలో ఉందని అందులో తేలింది. నాది అదో కాదో జన్యు పరీక్ష రిపోర్టు వస్తే తెలుస్తుంది. నాలో ఫలానా లోపమని స్పష్టంగా తేలితే, మీకు అదొక్కటే చూస్తారు. అది మీలో లేకపోతే మీకిక బెంగ లేదు. నాలో ఏమీ దొరక్కపోతే మాత్రం మీరు ఎకోల మీదే ఆధారపడాలి.

భయపెట్టడానికి రాయట్లేదు తల్లీ. ఈ జబ్బుతో నిండు నూరేళ్లు బతికేవాళ్లు ఎంతోమంది. ముందే తెలిస్తే మందులున్నాయి, ప్రమాదం ఎక్కువనిపిస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చి సరిచేసేలా ఒంట్లో పెట్టే ఐసీడీ అనే పరికరం ఉంది. తెలియకపోవడమే నాకు భయం. ఈసీజీ, ఎకో తేలేదాకా ఆ మారథాన్ ప్రాక్టీసు ఆపు, నడక చాలు. పరుగులో కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లు. ఇప్పుడు బాగుందన్నా అంతటితో అయిపోదు, మూడు నుంచి అయిదేళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలి.

ఈ శనివారమే అపాయింట్‌మెంట్ తీసుకో. రిపోర్టు వాట్సాప్‌లో పంపు, గోడ మందం అంకె కనబడేలా ఫొటో తియ్యి.

నాన్న