డ్రోన్ వద్దు రా రాంబాబూ

ఒరేయ్ రాంబాబూ,

కుశల ప్రశ్నలు తర్వాత, ముందు ఆ పెళ్ళి వీడియోల కుర్రాడికి అడ్వాన్స్ ఇచ్చేశావా లేదా చెప్పు. ఇవ్వకపోతే కాస్త ఆగు. ఆరాధన రోజు పొద్దున మీ పిల్లల కచేరీ, సాయంత్రం మీ మేనకోడలి కాంటెంపరరీ డాన్సు, "రెండూ అతనే తీసేస్తాడు రా, డ్రోన్ కూడా ఉందిట" అని వాయిస్ మెసేజ్‌లో నువ్వు అంత సంబరంగా చెప్తుంటే నాకు నోట మాట రాలేదు. త్యాగరాజస్వామి పటం మీద డ్రోన్ ఏంట్రా. అది పక్కన పెట్టినా, ఆ రెండిటినీ ఒకేలా తీయడం కుదరదు, అది చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఇక్కడ మద్రాసులో డిసెంబర్ కచేరీల సీజన్ అయిపోయాక నాకు చెవులు ఊరుకోవు, అందుకని ఈమధ్య రాత్రిళ్ళు వెస్టర్న్ వాళ్ళ కచేరీ వీడియోలు, బ్యాలే వీడియోలు పట్టుకున్నా. మా ఆవిడ "మీకు అర్థమవుతోందా అసలు" అంటుంది. సగం అవుతుంది. కానీ వాళ్ళు తీసే పద్ధతి చూడాలి రా. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాళ్ళు 2008లోనే డిజిటల్ కాన్సర్ట్ హాల్ అని మొదలెట్టారు, చందా కట్టి అడయార్‌లో లుంగీ కట్టుకుని కూర్చుని చూసేయొచ్చు. హాల్లో కెమెరామన్ అనేవాడు కనపడడు, కెమెరాలన్నీ రిమోట్ మీద తిరుగుతుంటాయి, తిప్పేవాళ్ళు వేరే గదిలో ఉంటారు.

సరే అది టెక్నాలజీ, డబ్బుంటే ఎవరైనా కొంటారు. నాకు నచ్చింది వేరే. ఆర్కెస్ట్రాని తీసే డైరెక్టర్ దగ్గర మ్యూజిక్ చదవడం వచ్చిన మనిషి ఒకరు స్వరాలన్నీ రాసి ఉండే స్కోరు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఏ షాట్ ఎక్కడ మారాలో ఆ స్కోరు మీదే ముందుగా గుర్తులు పెట్టుకుంటారు, కచేరీ నడుస్తుంటే బార్లు, అంటే మన ఆవర్తాల్లాంటివి, లెక్కపెడుతూ ఇదిగో ఒబో వస్తోంది, ఇదిగో హార్న్ వస్తోంది అని హెచ్చరిస్తుంటారు, ఒబో ఆవిడ ఊపిరి పీల్చుకునేసరికి కెమెరా అక్కడ ఉంటుంది, వాయించాక పోయి వెతుక్కోవడం కాదు.

1983లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్లోస్ క్లైబర్ ఆర్కెస్ట్రాని నడిపించి చేసిన బీథోవెన్ నాలుగు, ఏడు సింఫనీల వీడియో ఉంది, లింక్ పంపిస్తా. ఆయన మొదటి వయొలిన్లని ఒకవైపు, రెండో వయొలిన్లని ఎదురుగా ఇంకోవైపు కూర్చోబెడతాడు. ఏడో దాని చివరి భాగం ఇన్నేళ్ళూ ఆడియోలో విన్నా నాకంతా ఒకటే హోరు. వీడియోలో ఇటు కమాన్లు లేచి ఆగగానే అటు కమాన్లు లేస్తుంటే అప్పుడు తెలిసింది వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు జవాబు చెప్పుకుంటున్నారని, ఇప్పుడు కళ్ళు మూసుకుని విన్నా రెండు గుంపులూ విడివిడిగా వినపడుతున్నాయి. మంచి కెమెరా చెవికి పాఠం చెప్తుంది రా, నిజంగా.

దీనికి ఉల్టా కరాయన్ అనే ఇంకో ఆర్కెస్ట్రా నాయకుడు తీయించుకున్నవి. ముందు సౌండ్ రికార్డు చేసేసి, తర్వాత దానికి తగ్గట్టు వాయిస్తున్నట్టు కూర్చోబెట్టి తీసినవి చాలా ఉన్నాయి, అంటే మన సినిమా పాట షూటింగే. ట్రంపెట్లు వరుసగా మెరుస్తాయి, వాయించేవాళ్ళ మొహాలు కనపడవు, కళ్ళు మూసుకున్న ఆయన మొహం మాత్రం కావలసినంత. అందంగా ఉంటాయి, కాదనను. చెమట పట్టని కచేరీ నాకెందుకో ఎక్కదు.

ఇక మన సంగతి. పేర్లెందుకు గానీ, పోయిన సీజన్‌లో టికెట్ కొని ఆన్‌లైన్లో ఒక కచేరీ చూశా, పెద్ద గాయకుడు, మంచి పక్కవాద్యాలు. తని, అదే తాళవాద్యాలవాళ్ళు మాత్రమే వాయించే ఘట్టం, మొదలైంది. కెమెరా ఎక్కడుందనుకున్నావ్, ఫ్లాస్కులోంచి నీళ్ళు తాగుతున్న గాయకుడి మీద! ఘటం, మృదంగం వంతులు తగ్గించుకుంటూ కొరప్పులో ఒకళ్ళనొకళ్ళు తరుముకుంటుంటే స్క్రీన్ మీద స్పాన్సర్ బ్యానర్. ఒకే లైనుని రకరకాలుగా పాడే నెరవల్ అప్పుడూ అంతే, వయొలిన్ ఆవిడ జవాబు ఇచ్చేసి కమాను దించాక ఆవిడ మీదకొచ్చింది కెమెరా. హాల్లో తని రాగానే జనం క్యాంటీన్‌కి లేచిపోతారని నువ్వు ఎప్పుడూ తిట్టుకుంటావుగా, కెమెరా కూడా లేచిపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి.

కాబట్టి కచేరీకి షాట్లు మార్చొచ్చు, మార్చాలి కూడా. డాన్సు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇదంతా తిరగబడుతుంది. కచేరీలో కెమెరా సెల్లో మీదున్నా ఫ్లూట్ వినపడుతూనే ఉంటుంది, పోయిందేం లేదు. డాన్సులో కెమెరా మొహం మీదకి పోయిందంటే కాళ్ళు పోయినట్టే, అవి ఇంకెక్కడా దొరకవు. హాలీవుడ్‌లో ఫ్రెడ్ ఆస్టైర్ 1930ల్లోనే పట్టుబట్టాడు, తల నుంచి పాదం దాకా మనిషి మొత్తం కనపడాలి, షాటు వీలైనంత పొడుగ్గా ఉండాలి అని. ఇన్నేళ్ళైనా మనవాళ్ళకి అదింకా ఎక్కలేదు.

ఇరీ కిలియాన్ అని చెక్ ఆయన, మోట్సార్ట్ పోయి 200 ఏళ్ళైన సందర్భంలో 1991లో సాల్జ్‌బర్గ్ ఫెస్టివల్ కోసం 'పెతిత్ మోర్' అని ఒక డాన్సు చేశాడు. ఆరుగురు మగవాళ్ళు, ఆరుగురు ఆడవాళ్ళు, ఆరు ఫెన్సింగ్ కత్తులు. మొదట్లో మ్యూజిక్ ఉండదు, కత్తి గాలిని కోసే చప్పుడే, ఆ తర్వాత మోట్సార్ట్ పియానో కన్చెర్టోల్లోంచి నెమ్మదిగా నడిచే భాగాలు రెండు. కత్తి ఒంపూ నడుం ఒంపూ ఒకే ఫ్రేములో ఉంటేనే ఆ అందం. కెమెరా దూరంగా ఉన్నంతసేపూ నేను కదల్లేదు, దగ్గరకెళ్ళిన ప్రతిసారీ "జరగవయ్యా బాబూ" అని అరవాలనిపించింది.

అలాగని దగ్గరకి అసలు వెళ్ళకూడదా అంటే, వెళ్ళినవాడు ఉన్నాడు. విమ్ వెండర్స్ అని జర్మన్ సినిమా డైరెక్టర్, 1985లో పీనా బౌష్ అనే డాన్సు ఆవిడ చేసిన 'కాఫే మ్యూలర్' చూసి కదిలిపోయి ఆవిడ మీద సినిమా తీస్తానన్నాడు, ఎలా తీయాలో తెలియక దాదాపు ఇరవై ఏళ్ళు ఊరుకున్నాడు. 3డి వచ్చాక దారి దొరికిందనుకుంటే, షూటింగ్ మొదలవబోతుండగా 2009 జూన్‌లో ఆవిడ పోయింది. ఆపేద్దామనుకున్నాడు, డాన్సర్లు ఊరుకోలేదు, చివరికి 2011లో వచ్చింది. అందులో స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' ఉంటుంది, 1975లో ఆవిడ చేసినది, స్టేజీ అంతా మట్టి పోసి ఉంటుంది, వాళ్ళు ఆ మట్టిలో పడి లేచి బట్టలకీ చెమటకీ మట్టి అంటుకుని, ఎగశ్వాస దిగశ్వాస అన్నీ వినపడుతుంటాయి. నేను మామూలు టీవీలో చూశా, లోతు కొంత పోయింది, అయినా ఒప్పుకున్నా. ఎందుకంటే కెమెరా వాళ్ళ మధ్యలోకి దూరినా ఎవరి వెనక ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో ఎక్కడా తప్పిపోదు. చోటు తెలుస్తూనే ఉంటుంది.

ఈ పీనాకి మన డాన్సు చంద్రలేఖ స్నేహితురాలు, ఇక్కడే బీసెంట్ నగర్‌లో బీచ్ దగ్గర ఉండేవారు, 2006 డిసెంబర్‌లో పోయారు. ఆవిడ 'శరీర' గుందేచా సోదరుల ధ్రుపద్ హిందుస్తానీ పాటకి చేసినది, ఎంత నెమ్మది అంటే ఒక కాలు లేచి దిగేసరికి ఆలాపన ఎటో వెళ్ళిపోతుంది. అలాంటిదానికి మన పెళ్ళి వీడియో కుర్రాడు మూడు సెకన్లకో కట్ పెడితే ఏం మిగులుతుంది చెప్పు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. పొద్దున కచేరీకి మూడు ఫోన్లు చాలు, ఒకటి మొత్తం వేదిక మీద, ఒకటి వయొలిన్ మీద, ఒకటి మృదంగం మీద, గంభీరంగా మోగే తొప్పి వైపు చెయ్యి కూడా కనపడాలి సుమా, అందరూ అదే వదిలేస్తారు. సౌండ్ మాత్రం ఫోన్లది వద్దు, మైకువాడి మిక్సర్ నుంచి విడిగా తీసుకో. మొదట్లో గట్టిగా ఒక చప్పట కొట్టించు, అన్నీ కలపడానికి అదే గుర్తు. ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు ఆ కుర్రాడి పక్కన తాళం తెలిసిన నీ శిష్యుణ్ణి ఎవరినైనా కూర్చోబెట్టు.

సాయంత్రం డాన్సుకి ఒకటే కెమెరా, హాల్లో మధ్య వరుసలో, స్టాండు మీద, పాదాల కింద కాస్త నేల కనపడేలా పెట్టేసి ఇక ముట్టుకోవద్దని చెప్పు. జూమ్ చేస్తే డబ్బులివ్వనను. స్టేజీ ముందు పూలకుండీలు, స్పీకర్లు వరుసగా పెడతారు చూడు, అవి ముందే తీయించేయి, కమిటీవాళ్ళు అలిగితే అలగనీ. వెనక ఫ్లెక్సీ కూడా తీయించగలిగితే మంచిది, కుదరదని తెలుసులే.

ఫుటేజి ఎడిట్ చేయకముందే నాకు పంపు, తని ముక్క నేను కూడా చూస్తా. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
శీను