వేలెడంత వంజరం

కావలి,
మార్చి, ఆదివారం రాత్రి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చుని, మనసు కుదురుగా లేక లేచిపోయాను. ఇవాళ కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిక చేసుకుని చదువు.

చెల్లి పురిటికి వచ్చిందని ఫోనులో చెప్పాను కదా. పాప పుట్టి మూడు వారాలైంది, ఇద్దరూ కులాసా. బాలింతకు పాలసొర (చిన్నరకం సొరచేప) పుట్టు చేసి పెట్టాలని అమ్మ పట్టు. పోయిన గురువారం తెల్లవారకముందే బండి వేసుకుని రేవుకు వెళ్లాను. గంటన్నర తిరిగినా ఒక్క పాలసొర కనిపించలేదు. మన చిన్నప్పుడు గంపలో పెట్టుకుని ఇంటి ముందుకే తెచ్చేవాళ్లు, గుర్తుందా? కవ్వలు, నెత్తళ్లు వేలకు వేలు గుడ్లు పెడతాయి, కొంత పట్టినా మళ్లీ నిండుకుంటాయి. పాలసొర ఒక్కో కాన్పుకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పిల్లల్నే కంటుంది. పట్టే వేగానికి కనే వేగం ఎక్కడ సరిపోతుంది!

నా మనసు పాడైంది మాత్రం దానివల్ల కాదు. ఒక మరబోటు సరుకు దింపిన చోట, పక్కగా మోకాలెత్తు కుప్ప పోసి ఉంది. అక్కడివాళ్లు దాన్ని చెత్త చేప అంటారు. ఈగలు ముసురుతున్నాయి. వంగి చేయి పెట్టాను. వేలి గోరంత పీతలు, దారాల్లాంటి సావడాలు, పేరు తెలియని పిల్ల చేపలు వచ్చాయి. వాటి మధ్య ఒకటి చేతికి తగిలింది. నా చూపుడు వేలంత పొడవు, వెండిరంగు ఒళ్లు, మొనదేలిన మూతి, ఆ బుల్లి నోట్లోనే సూదుల్లాంటి పళ్లు. వంజరం పిల్ల! పెద్దదైతే ముక్కలు కోయించుకోవడానికి మనం వరుసలో నిలబడే వంజరం. కాటా దగ్గరున్న కుర్రాడు నా చేతిలోది చూసి, “అది కిలోల లెక్క సార్, వంజరమైనా గవ్వైనా ఒకటే రేటు” అన్నాడు.

ఆ కుప్ప ఎండి, పొడి అయి, కోళ్లకూ రొయ్యలకూ మేతలో కలుస్తుంది. మా తమ్ముడి చెరువులో వెనామీ రొయ్యకు చల్లే మేతలోనూ చేప పొడి ఉంటుంది. ఆ సంచులు నేనే ఎన్నిసార్లో మోశాను, అది ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కనాడూ అడగలేదు. వంజరం రెండడుగులు దాటితేగానీ గుడ్డు పెట్టదు. వేలెడంత ఉన్నప్పుడే పట్టి పొడి చేస్తే, వచ్చే ఏటి వంజరం ఎక్కడి నుంచి రావాలి? చేపలు తగ్గిపోయాయని సముద్రం మీద నెపం వేస్తాం గానీ, అసలు సంగతంతా వల కన్నులో, అంటే దాని రంధ్రంలో ఉంది. కన్ను సన్నగిల్లేకొద్దీ వల దేన్నీ వదలదు. పైగా అడుగు వరకూ దిగి ఈడ్చే వల నేలనూ గీరుకుంటూ పోతుంది. చేపలు తలదాచుకునే గూళ్లు కూడా దానితోపాటే కొట్టుకుపోతాయి.

రేవులో నాన్న స్నేహితుడు, అదే మన బాబాయి, వల బాగుచేసుకుంటూ కనిపించాడు. ఆ పిల్లను చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తెడ్డేసుకుని పోయినంత దూరంలో దొరికేది నాయనా, ఇప్పుడు డీజిల్ పోసుకుని పోయినా డీజిల్ డబ్బులు రావడం లేదు” అన్నాడు. మన రాష్ట్రంలో తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు. 1994 చట్టం కింద ఆ నీళ్లు నాటు పడవలవి. రాత్రి ఒడ్డున నిలబడితే ఆ గీత లోపల ఎన్ని దీపాలు కదులుతున్నాయో కంటికే తెలుస్తుంది. పక్క రాష్ట్రం నుంచి హైస్పీడ్ బోట్లు వచ్చి మనవాళ్ల వలలు తెంపుకుపోవడం, వాళ్లూ వీళ్లూ కొట్టుకోవడం పేపర్లో నువ్వూ చదివే ఉంటావు. రెండు బోట్ల మధ్య వల కట్టి ఈడ్వడం, ఎల్ఈడీ దీపాలతో చేపల్ని పోగేసి పట్టడం కేంద్రం 2017లోనే నిషేధించింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి రా. రాత్రిపూట ఆ నీళ్లలో కాపలా తిరిగే పడవే కావాలి.

కెనడా సంగతి తెలుసా నీకు? న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపను అయిదు వందల ఏళ్లు పట్టారు. 1960లలో పెద్ద ట్రాలర్లు, అంటే వల ఈడ్చే ఓడలు దిగాయి. 1992 జూలైలో వేట ఆపేయక తప్పలేదు, దాదాపు ముప్పై వేల మందికి పని పోయింది. రెండేళ్లకే అన్నారు. ముప్పై రెండేళ్లు గడిచి 2024లో, అదీ కొద్ది మేరకే, మళ్లీ తెరిచారు. బాబాయికి ఇది చెప్పకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట విరామం. 2025లో కుటుంబానికి ఇచ్చే భృతిని పది వేల నుంచి ఇరవై వేలు చేశారు, మంచిదే. ఆ రెండు నెలల్లో పుట్టిన పిల్లలు విరామం అయిపోగానే సన్నకన్ను వలలో పడితే మాత్రం ఇంతమంది పస్తులున్న ఫలం ఏమిటి? కేరళలో 58 రకాల చేపలకు ఇంత పొడవుకు తక్కువైతే పట్టకూడదని కొలత పెట్టారు. అలాంటి కొలబద్ద ఒకటి మన ప్రతి రేవులో కాటా పక్కన వేలాడాలి. ప్రభుత్వం కంటే ముందు ఊరి పెద్దలైన కాపులు కూర్చుని సన్నకన్ను వల మీద దురాయి, అంటే ఊరి కట్టుబాటు వేస్తే ఇంకా గట్టిగా నిలుస్తుందని నా నమ్మకం. బాబాయి వాళ్ల ఊళ్లో ఆ మాట మొదలైంది కూడా.

అన్నట్టు, తాబేళ్లు! ఒడ్డున ఆలివ్ రిడ్లే గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వకముందే తీసి, దడి కట్టిన ఇసుకలో గుంతలు చేసి పూడుస్తున్నారు. అటవీశాఖ వాళ్లతోపాటు ఊరి కుర్రాళ్లూ ఉన్నారు. గుంతకు నూరు పైచిలుకు గుడ్లు, పక్కన పుల్లకు తేదీ రాసిన చీటీ. నిన్న సాయంత్రం ఒక గుంత కదిలింది. ముందు ఇసుక కొద్దిగా కుంగింది, తర్వాత ఒక ముక్కు, తర్వాత ఒక్కసారిగా ముప్పై నలభై. అరచేతిలో పెట్టుకుంటే తెడ్డు కాళ్లతో గాలినే ఈదుతోంది. నేలమీద వదిలితే ఎవరూ దారి చూపకుండానే నీళ్ల వైపు తిరిగింది. అదే తీరంలో, ఇంకో వంద అడుగుల దూరంలో, పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది. ఒంటిమీద గాయం లేదు. తాబేలు ఊపిరికి పైకి రావాలి. గంటల తరబడి ఈడ్చే వలలో చిక్కితే ఎలా వస్తుంది? వల మెడలో ఇనుప చువ్వల చట్రం ఒకటి కుడితే చేప లోపలికి పోతుంది, తాబేలు పై కంత గుండా బయటపడుతుంది. అది వాడడం లేదని అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. అప్పటి నుంచైనా ప్రతి బోటుకూ అది ఉండాల్సింది.

నీకొక పని చెబుతాను. హైదరాబాద్‌లో చిన్న వంజరాలు చవగ్గా దొరుకుతున్నాయని రాశావు. ఇకమీదట కొనకు. కొట్టువాడికి ఎందుకు కొనడం లేదో కూడా చెప్పు. నెత్తళ్లు, కానాగంతలు తిను, అవి త్వరగా పెరుగుతాయి.

చీటీ ప్రకారం ఇంకో గుంత వచ్చే ఆదివారానికి పండుతుంది. శనివారం రాత్రి రైలెక్కావంటే తెల్లవారేసరికి స్టేషన్లో ఉంటాను. అమ్మ నీకోసం మామిడికాయ వేసి పులుసు పెడతానంటోంది. పాపకు పేరింకా అనుకోలేదు, వచ్చేటప్పుడు నాలుగు పేర్లు రాసుకుని రా.

నీ
ప్రసాదు