ఒకే మోడల్ నంబరుతో రెండు రకాల సర్వోలు: మీ సంస్థకు ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: 9 గ్రాముల మెటల్ గేర్ సర్వోలో చెప్పకుండా చేసిన మార్పు, వారంటీ తిరస్కరణ గురించి.

ఆర్యా,

రేడియో కంట్రోల్ మోడల్ విమానాలు కట్టి ఎగరేయడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. విమానం రెక్కల్లోని, తోకలోని కదిలే పలకలను తిప్పే చిన్న మోటారు పెట్టెలే సర్వోలు. మీ 9 గ్రాముల మైక్రో సర్వోలను నేను రెండు విడతలుగా, మొదట ఎనిమిది, తరువాత ఆరు కొన్నాను. రెండు విడతల్లోనూ పెట్టె ఒకటే, మోడల్ నంబరు ఒకటే, సర్వో మీద అంటించిన లేబుల్‌లోని అక్షరాలు కూడా ఒకటే. లోపలి వస్తువు మాత్రం ఒకటి కాదు. రెండో విడతలోని ఒక సర్వో గాలిలో ఉండగా పనిచేయడం మానేసింది, నా విమానం నేలకూలింది. వారంటీ కోరితే, కేసు విప్పారు కాబట్టి, విమానం కూలింది కాబట్టి వర్తించదని మీ విభాగం నుంచి మూడు వాక్యాల జవాబు వచ్చింది. ఆ జవాబు ఎందుకు నిలవదో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లేఖ కాస్త పొడుగైంది, ఓపికగా చదవమని కోరుతున్నాను.

చవక సర్వో కొన్నవాడు ఖరీదైన సర్వో పనితనం ఆశించకూడదని నాకు తెలుసు, ఆశించలేదు కూడా. చవక సర్వోలను ఎంచుకోవడంలో నేను పాటించే పద్ధతి ఒక్కటే: కావలసినదానికంటే ఒకటి రెండు ఎక్కువ కొని, ప్రతిదాన్నీ బల్ల మీద పరీక్షించి, మంచివాటిని ముఖ్యమైన చోట, మిగిలినవాటిని అంత ముఖ్యం కాని చోట పెట్టుకోవడం. విమానాన్ని పక్కలకు ఒరిగించే రెక్కల పలకలు, అంటే ఐలరాన్లు, రెండు ఉంటాయి కాబట్టి ఒకటి మొరాయించినా రెండోదానితో, ముక్కును పక్కలకు తిప్పే తోక పలక రడ్డర్‌తో ఎలాగో నెట్టుకొచ్చి దింపుకోవచ్చు. ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక ఎలివేటర్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే వచ్చినవాటిలో అన్నిటికంటే నమ్మకంగా కనిపించిన సర్వో ఎప్పుడూ ఎలివేటర్‌కే వెళుతుంది. ఈ పద్ధతి పనిచేయాలంటే, నిన్న కొన్నదీ ఇవాళ కొన్నదీ ఒకే వస్తువై ఉండాలి.

మొదటి విడత సర్వోలతో నాకు ఏ పేచీ లేదు. లేబుల్ మీద 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలోగ్రాం సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం) అని రాశారు. ఇరుసు నుంచి 1 సెంటీమీటరు దూరంలో 1.8 కిలోల బరువు వేలాడదీస్తే సర్వో ఆగిపోతుందని దాని అర్థం. నేను సర్వో ఇరుసుకు బిగించిన 2 సెంటీమీటర్ల ఆర్మ్‌కు ఖాళీ సీసా కట్టి, అందులో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ, సర్వో ఎత్తలేక మూలిగి ఆగిపోయిన ప్రతిసారీ సీసాను తూచాను. మొదటి విడతవి 800 గ్రాముల దగ్గర ఆగాయి, అంటే 1.6 వచ్చినట్లు. రాసినదానికంటే తక్కువే అయినా ఈ తరగతి సర్వోల్లో ఆ మాత్రం తేడాను నేను తప్పు పట్టను. ఎలాగూ ఆగిపోయే టార్క్‌లో మూడో వంతుకు మించి వాడుకోవడం తెలివైన పని కాదు. రెండో విడతవి 550 గ్రాములకే చేతులెత్తేశాయి. అంటే 1.1. ఇది తరగతి తేడా కాదు, వస్తువు తేడా.

కేంద్రానికి తిరిగి రావడంలో తేడా ఇంకా ఇబ్బంది పెట్టేది. సర్వో టెస్టర్‌ను 1500 మైక్రోసెకన్ల పల్స్ దగ్గర, అంటే సర్వోను మధ్యలో నిలవమని చెప్పే సంకేతం దగ్గర ఉంచి, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి ఆర్మ్‌ను మధ్యకు రప్పించాను. ఆర్మ్ కొసకు సన్నని తీగ అంటించి, వెనుక కోణమానిని పెట్టి చూస్తే, పాతవాటిలో ఆ రెండు చోట్ల మధ్య తేడా ఒక డిగ్రీ లోపే ఉంది. కొత్తవాటిలో మూడు డిగ్రీల దాకా ఉంది. కాగితం మీద మూడు డిగ్రీలు చిన్నమాటే. ఎగిరే విమానంలో మాత్రం, ముక్కు పైకెత్తి వదిలితే ఒక ట్రిమ్ (విమానం నిలిచే తీరు), కిందికి నొక్కి వదిలితే ఇంకొక ట్రిమ్ అయి, చేతులు క్షణం తీరిక లేకుండా ట్రాన్స్‌మిటర్ స్టిక్ మీదే ఉండవలసి వస్తుంది. సర్వోను పలకతో కలిపే పుష్‌రాడ్ అనే కడ్డీని సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రానికి, పలకకు బిగించిన కంట్రోల్ హార్న్‌లో బయటి రంధ్రానికి మార్చి ఆ తేడాను సగానికి తగ్గించుకున్నాను. కదలిక తగ్గినా బలం పెరుగుతుంది, లూజు తగ్గుతుంది. చవక సర్వోలతో వేగేవాళ్లందరూ ముందుగా చేసే సర్దుబాటు అదే. ఆరింటిలో తక్కువ తేడా చూపిన ఒకదాన్ని ఏరి ఎలివేటర్‌కు బిగించాను. గాలిలో పాడైంది ఆ ఏరిన సర్వోయే.

అది పదకొండో ఎగురవేత. గాలి నెమ్మదిగానే ఉంది. విమానాన్ని కొద్దిగా కిందికి వాల్చి, వేగం అందుకున్నాక పైకి తీద్దామని స్టిక్ వెనక్కి లాగాను. ముక్కు లేవలేదు. మోటారు ఆపేసి స్టిక్‌ను పూర్తిగా లాగి పట్టుకున్నా ఫలితం లేకపోయింది. విమానం అదే వాలులో వెళ్లి గడ్డిలో ముక్కు గుచ్చుకుంది. ముందు భాగం నలిగిపోయింది. తోక భాగానికి గీత కూడా పడలేదు. ఎలివేటర్ కీలు, హార్న్, పుష్‌రాడ్ అన్నీ నిటారుగా, బిగింపు చెడకుండా ఉన్నాయి. అక్కడే నిలబడి స్టిక్ కదిపితే సర్వో లోపల మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆర్మ్ మాత్రం కదల్లేదు.

గేర్లలో పళ్లు కూలినప్పటి దెబ్బకు పోయాయని మీ జవాబులో రాశారు. ఇంటికి తెచ్చి, అడుగున ఉన్న నాలుగు మరలూ తీసి, పైమూత ఎత్తి చూసినప్పుడు కనిపించింది వేరు. రెక్కకో తోకకో తగిలిన దెబ్బ పుష్‌రాడ్ గుండా సర్వోలోకి వచ్చేది బయటి ఇరుసు వైపు నుంచి. బలం అన్నిటికంటే ఎక్కువగా పడేదీ ఆ చివరి గేరు మీదే. పళ్లు విరిగితే అక్కడ, అది కూడా ఆ క్షణంలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు మూడు పళ్లే విరగాలి. నా సర్వోలో చివరి గేరు కొత్తదానిలా ఉంది. పాడైంది దానికి పూర్తిగా రెండో కొసన, మోటారు ఇరుసుకు ఉండే చిన్న గేరుకు, అంటే పినియన్‌కు ఆనుకుని తిరిగే మొదటి గేరు. ఆ గేరు ప్లాస్టిక్‌ది. దాని పళ్లు విరగలేదు, చుట్టూ సమానంగా అరిగిపోయాయి. భూతద్దంలో చూస్తే పంటి స్థానంలో గుండ్రని చిన్న గడ్డలు మిగిలాయి, పక్కన తెల్లని మెత్తని పొడి పేరుకుంది. గ్రీజు ఉండవలసిన చోట గ్రీజు జాడ లేదు. అన్నిటికంటే వేగంగా తిరిగే గేరును ప్లాస్టిక్‌తో చేసి, ఇత్తడి పినియన్‌కు అప్పగించి, గ్రీజు కూడా పెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇది నా ఊహ కాదని నిర్ధారించుకోవడానికి, అదే విడతలో ఒక్కసారి కూడా విమానం ఎక్కని సర్వోను టెస్టర్‌కు తగిలించి, ఏ బరువూ లేకుండా అరగంట అటూ ఇటూ తిప్పి, తరువాత విప్పాను. అదే ప్లాస్టిక్ గేరు, అప్పుడే రాలడం మొదలైన అదే తెల్లని పొడి. మొదటి విడతలోని పాత సర్వోను, రెండు సీజన్లు ఎగిరినదాన్ని, పక్కన విప్పి పెట్టాను. అందులో ఐదు గేర్లూ లోహానివే, నల్లబడిన గ్రీజు ఇంకా అంటుకునే ఉంది. మీ లేబుల్ మీద ‘మెటల్ గేర్’ అని రాశారు. నాలుగు లోహపు గేర్ల మధ్య ఒక ప్లాస్టిక్ గేరు ఉంటే ఆ మాట నిజం కాదు.

ప్లాస్టిక్ గేర్లంటే నాకు చిన్నచూపు లేదు. తేలికైన ఫోమ్ విమానాల్లో నైలాన్ గేర్ల సర్వోలను నేను ఇష్టంగానే వాడతాను. అవి నున్నగా తిరుగుతాయి, లూజు తక్కువ, దెబ్బ తగిలితే ముందు గేరే పోయి మోటారు మిగులుతుంది. లోహపు గేర్లు పళ్లు విరగకుండా కాపాడినా ఏళ్లు గడిచేకొద్దీ అరిగి లూజు పెంచుతాయి. ఈ విమానంలో తోకచక్రం రడ్డర్‌కే కలిపి ఉండటం వల్ల, దిగిన ప్రతిసారీ నేల కుదుపు నేరుగా సర్వోకే తగులుతుంది కాబట్టి, లోహపు గేర్లు కోరుకున్నాను. నైలాన్ అని చెప్పి అమ్మి ఉంటే దానికి తగిన చోట పెట్టుకునేవాడిని.

విమానంలో రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటు ఇచ్చే బీఈసీ చాలక సర్వో ఆగి ఉండవచ్చని కూడా మీరు సూచించారు. నా విమానంలో స్పీడ్ కంట్రోలర్‌లోని బీఈసీని వాడలేదు. 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే విడి స్విచింగ్ బీఈసీ ఉంది, విమానంలో సర్వోలు నాలుగే. పైగా కరెంటు చాలకపోతే రిసీవర్‌తో పాటు సర్వోలన్నీ తడబడాలి. ఐలరాన్లు, రడ్డర్ నేల తాకేదాకా చెప్పిన మాట విన్నాయి. ఆగిపోయిన స్థితిలో మీ పాత సర్వో 650 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే కొత్తది 900 దాకా లాగుతోందని నేను మీటరు పెట్టి చూశాను. ఆ అంకె మీ లేబుల్ మీద ఎక్కడా లేదు. బీఈసీ ఎంపికను వినియోగదారుడి మీదే వదిలేస్తున్నప్పుడు ఆ అంకె రాయడం మీ బాధ్యత.

వాడకంలో నా అశ్రద్ధ ఏమీ లేదని చెప్పడానికి, నేను సర్వోలను చూసుకునే తీరు కూడా రాస్తాను. క్షణాల్లో గట్టిపడే పలచటి సీఏ జిగురు కేసు సందుల్లోంచి లోపలికి పాకి గేర్లను పట్టేస్తుంది కాబట్టి దాన్ని సర్వో దగ్గరకు రానివ్వను. కేసు చుట్టూ కాగితపు టేపు చుట్టి, ఆ టేపుకే వేడి జిగురు పెడతాను. పుష్‌రాడ్ కలపకముందే సర్వోకు కరెంటు ఇచ్చి మధ్యకు తెచ్చి, ఆర్మ్‌ను లంబంగా బిగిస్తాను. కదలిక కొసల్లో సర్వో గుంయ్‌మంటూ ఉంటే ఏదో అడ్డు తగులుతోందని అర్థం కాబట్టి, ఆ చప్పుడు పోయేదాకా ట్రాన్స్‌మిటర్‌లో హద్దులు తగ్గిస్తాను. ఆర్మ్‌ను చేత్తో బలవంతంగా తిప్పను. ఎగరబోయే ప్రతి రోజూ ఎలివేటర్‌ను రెండు వేళ్లతో పట్టి లూజు చూస్తాను. ఆ రోజు ఉదయం కూడా చూశాను, లూజు పెరగలేదు. మొదటి గేరులో వచ్చిన అరుగుదల మధ్యలోని గేర్ల నిష్పత్తి వల్ల బయటికి వచ్చేసరికి చాలా చిన్నదైపోతుంది, వేళ్లకు అందదు. అదే ఇందులోని అసలు ప్రమాదం.

ఇక కేసు విప్పడం గురించి. సీలు చింపితే వారంటీ పోతుందని మీ పెట్టె మీద ఉంది. అదే పెట్టెలోని చీటీలో, ఈ మోడల్‌కు మార్పిడి గేర్ల సెట్టు విడిగా దొరుకుతుందని కూడా ఉంది. సీలు చింపకుండా గేర్లు మార్చే ఉపాయం ఏదైనా ఉంటే నాకు తెలియజేయండి, నేర్చుకుంటాను. సర్వో ఆగిపోయాక కారణం తెలుసుకోవడానికి విప్పాను తప్ప అంతకుముందు దాన్ని తాకలేదు. ఆ గేర్ల సెట్టు కూడా కొని చూశాను. అది పాత రకానికి చేసినది, కొత్త సర్వోలో మొదటి గేరు పళ్ల లెక్క వేరు కావడంతో పినియన్‌తో కలవలేదు. అంటే ఈ మోడల్ నంబరు కింద రెండు వేర్వేరు సర్వోలు ఉన్నాయన్నది మీ సొంత విడిభాగమే చెబుతోంది.

కాబట్టి రెండో విడతలోని ఆరు సర్వోలకూ, పనికిరాని గేర్ల సెట్టుకూ చెల్లించిన మొత్తం వాపసు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వాటి స్థానంలో ఐదు గేర్లూ లోహంతో ఉన్న పాత రకాన్ని పంపినా అంగీకరిస్తాను, కొత్త రకాన్నే మళ్లీ పంపితే తీసుకోను. విమానం మరమ్మతు ఖర్చు నేను అడగడం లేదు, ఎగరేసే ప్రతివాడూ దానికి సిద్ధపడే ఉంటాడు. దీనికంటే ముఖ్యంగా, మార్చిన సర్వోకు వేరే మోడల్ నంబరు ఇవ్వండి, లేదా కనీసం తయారీ విడత సంఖ్యను కేసు మీద అచ్చు వేయండి. ‘మెటల్ గేర్’ అన్న మాటను లేబుల్ నుంచి తీసేయండి. ఇప్పటికే అమ్మిన ఈ విడత సర్వోలను ఎలివేటర్‌కు వాడవద్దని కొన్నవారికి వెంటనే తెలియజేయండి. నా విమానం పడింది ఖాళీ గడ్డిలో. అది బాగున్నప్పుడు కిలో పైచిలుకు బరువుతో, ముందు తిరుగుతున్న ప్రొపెల్లర్‌తో ఎగిరే వస్తువు.

అరిగిన గేరును, దాని పొడితో సహా, చిన్న ప్లాస్టిక్ సంచిలో భద్రపరిచాను. విప్పిన మూడు సర్వోలు, తూకం చేసినప్పటి ఫొటోలు, రెండు కొనుగోళ్ల రసీదులు కూడా సిద్ధంగా ఉన్నాయి. మీ సాంకేతిక విభాగంలో పరీక్షించేవారి పేరు, చిరునామా తెలియజేస్తే వాటిని నేరుగా వారికే పంపుతాను. పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
భవదీయుడు,
మీ 9 గ్రాముల సర్వోలు పద్నాలుగు కొన్న వినియోగదారుడు