ఈడీ ముచ్చట మళ్లొకసారి

అందరికి నమస్తే, నిన్న హన్మకొండ బ్యాచ్ వాయిస్ మెసేజ్‌లు అన్ని విన్న, మస్తు మెరుగైన్రు గని ఇంగ్లీష్‌ల అయిపోయిన పని చెప్పే మాటల చివర వచ్చే ఈడీ (-ed) ఉంది కదా, ఒక్క దాని దగ్గరనే అందరు ఆగుతున్రు (రైడ్లు చేసే ఈడీ కాదు లెండి). వాక్ చివర ఈడీ కలిస్తే వాకెడ్ కాదు, వాక్ట్. కుక్ కూడ గంతే, కుక్ట్. క్, ప్, స్, ష్ లెక్క గొంతు అదరని శబ్దం తర్వాత ట్ వస్తది, గొంతు మీద ఏలు పెట్టుకొని చూడున్రి, ప్లే అన్నప్పుడు అదురుతది కాబట్టి అది ప్లేడ్. ఇడ్ అని పలికేది ముందల ట్ గాని డ్ గాని ఉంటేనే, వాంటిడ్, నీడిడ్ లెక్క.

ఇంకోటి, మన తెలుగు మాటలు చాలమటుకు అచ్చుతోనే అయిపోతయ్ కదా, అందుకే బస్సు, బుక్కు అనుడు అలవాటైంది, ఇంట్ల అట్లనే అనున్రి, మా అమ్మ కూడ గట్లనే అంటది, గని ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు ఆ చివరి ఉ తీసేయాలె.

టీచర్లూ, పిల్లలు వాకెడ్ అంటే మధ్యల ఆపకున్రి, వాళ్లు చెప్పుడు అయిపోయినంక మీరే ఒకసారి సరిగ్గ అని వినిపియ్యున్రి.

ఆదివారం లోపు నిన్న ఏం చేసిన్రో ఐదు వాక్యాలు వాయిస్ పెట్టున్రి, కాజీపేట నుంచి రైల్ల వచ్చేటోళ్లు ఇంటికి పోయినంక పెట్టిన నడుస్తది, సప్పుడుకు ఏం ఇనవడ్తలేదు.