డ్రమ్ము దెబ్బకు చోటు ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

పాత హార్డ్ రాక్ ఆల్బమ్‌లు రీమాస్టర్ (పాత రికార్డింగు శబ్దాన్ని మళ్లీ సర్దిన ప్రతి) పేరుతో మళ్లీ వచ్చినప్పుడల్లా 'ఈసారి సౌండ్ ఇంకా గట్టిగా ఉంది' అంటూ మెచ్చుకునే పరిచయాలు కనిపిస్తున్నాయి. గట్టిగా వినిపించడం వేరు, బలంగా వినిపించడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల పాత రికార్డింగులు పాడవుతున్నాయి. సొంతంగా ఆల్బమ్ చేసుకుంటున్న మన కుర్ర బ్యాండ్‌లూ అదే దారి పడుతున్నాయి.

బ్రిటిష్ బ్యాండ్ డీప్ పర్పుల్ ఆల్బమ్ 'మెషీన్ హెడ్' సంగతే తీసుకోండి. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో, కాసినో భవనంలో రికార్డు చేయాలనుకున్నారు. డిసెంబరు 4న అక్కడ ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఎవరో ఫ్లేర్ గన్ పేల్చడంతో కాసినో కాలిపోయింది. పెవిలియన్ అనే థియేటర్‌కు మారితే చప్పుడు భరించలేక చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేశారు, పోలీసులు ఆపించారు. చివరికి చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ దొరికింది. దాని నడవాలో పరుపులు అడ్డుపెట్టి ప్రతిధ్వనిని అదుపు చేశారు. టేపు యంత్రాలేమో బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ మొబైల్ స్టూడియో ట్రక్కులో ఉన్నాయి. వాయించింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ అక్కడిదాకా వెళ్లాలి. ఆ తిరుగుడు పడలేక వాళ్లు టేకు టేకుకూ వెళ్లి వినడం మానేసి, కుదిరిందని తమకు అనిపించేదాకా వాయించారు. పని మూడు వారాలు కూడా పట్టలేదు. ఇంజినీరు మార్టిన్ బర్చ్.

అందులో గిటారూ, జాన్ లార్డ్ హామండ్ ఆర్గానూ రెండూ కరకుగానే మోగుతాయి. ఆర్గాన్‌ను ఆయన మార్షల్ ఆంప్లిఫయర్ గుండా వాయించేవారు. లెక్క ప్రకారం రెండూ ఒకదాన్నొకటి మింగేయాలి. అయినా డ్రమ్మర్ ఇయాన్ పేస్ స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్ము) దెబ్బ విడిగా వచ్చి తగులుతుంది. దెబ్బ ఎంత పైకి లేస్తుందో, దాని తర్వాత శబ్దం ఎంత కిందికి దిగుతుందో ఆ ఎత్తుపల్లాల తేడాలోనే దాని బలం ఉంది.

డిజిటల్‌లో సున్నా డెసిబెల్‌కు పైన చోటు లేదు. పాట ఇంకా గట్టిగా కావాలంటే లిమిటర్ (హద్దు దాటే శబ్దాన్ని అణిచే సాధనం) పెట్టి దెబ్బల తలలు నరికి, మిగతాదంతా పైకి లేపాలి. 2008 సెప్టెంబరులో వచ్చిన మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్'లో జరిగింది ఇదే. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లోనూ వచ్చాయి. అందులో శబ్దాన్ని లిమిటర్‌తో అంతగా నొక్కకపోవడంతో డ్రమ్ములు స్పష్టంగా వినిపించాయి. సీడీలో మాత్రం చిటపటలు. రెండూ పక్కపక్కన పెట్టి విన్న అభిమానులు మళ్లీ మిక్స్ చేయాలంటూ (అంటే విడివిడి ట్రాకులను తిరిగి కలపాలంటూ) వేలమంది సంతకాలు పెట్టారు. మాస్టరింగ్ (మిక్స్ అయ్యాక విడుదలకు ముందు చేసే చివరి సర్దుబాటు) చేసిన టెడ్ జెన్సెన్, మిక్స్‌లు తన దగ్గరకు రాకముందే నొక్కేసి ఉన్నాయని చెప్పారు. ఈ మాట బ్యాండ్‌లన్నీ గుర్తుపెట్టుకోవాలి: మిక్స్‌లో తెగిపోయిన దెబ్బను మాస్టరింగ్‌లో ఎవరూ తిరిగి అతికించలేరు.

పైగా ఇప్పుడు ఆ పందెంలో గెలుపే లేదు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినిపించే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) సర్దుతుంది. మైనస్ 6 దగ్గర నొక్కి పంపిన పాటను 8 డెసిబెల్స్ తగ్గించేస్తుంది. గట్టిదనం పోతుంది, తెగిన తలలు తెగినట్టే ఉంటాయి. నొక్కకుండా పంపిన పాట పక్కన ఇది చప్పగా, దూరంగా వినిపిస్తుంది.

ఆల్బమ్ మొదలుపెట్టేవాళ్లు డ్రమ్ములకు కొత్త తోళ్లు వేసి, శ్రుతి చేశాకే మైకు పెట్టాలి. స్నేర్‌కు పైనా కిందా మైకులు పెడితే కింది మైకు పొలారిటీ (సిగ్నల్ ప్లస్, మైనస్ దిశ) తిప్పి చూడాలి. లేకపోతే రెండు మైకుల సిగ్నళ్లు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి తగ్గించుకుని, దెబ్బ డొల్లగా వస్తుంది. గిటార్ స్పీకర్‌కు ఎస్ఎం57 లాంటి మైకును అంగుళం, రెండంగుళాల దూరంలో పెట్టండి. కోన్ మధ్యకు తెస్తే చురుకు, అంచుకు జరిపితే మెత్తదనం. తరచూ కనిపించే పొరపాటు గెయిన్ (గిటార్ శబ్దాన్ని కరకుగా చేసే ఆంప్లిఫయర్ మీట) ఎక్కువ పెట్టడం. ఒక్క గిటారే మోగుతున్నప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, ఎడమా కుడీ రెండేసి ట్రాకులు కలిపేసరికి తీగ మీటిన చప్పుడే పోయి హోరు మిగులుతుంది. స్టేజీ మీద వాడేదానికన్నా తగ్గించి, అదే భాగాన్ని రెండోసారి వాయించి కలపాలి. కాపీ చేసి అతికిస్తే ఆ వెడల్పు రాదు. మిక్స్‌ను 24 బిట్‌లో, శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా, చివర లిమిటర్ లేకుండా మాస్టరింగ్‌కు పంపాలి. అక్కడ కూడా లిమిటర్ రెండు మూడు డెసిబెల్స్‌కు మించి కోస్తోందంటే మిక్స్ దగ్గరకే వెనక్కి వెళ్లాలి.

స్ట్రీమింగ్ సంస్థలు ప్రతి ఆల్బమ్ కింద ఆ మాస్టరింగ్ ఏ సంవత్సరంలో, ఎవరు చేశారో చూపించాలి. రీమాస్టర్ రాగానే పాతదాన్ని తీసేయకుండా పక్కనే ఉంచాలి. మీ పత్రికకూ ఒక విన్నపం: ఆల్బమ్ పరిచయాల్లో గాయకుల పేర్లతో పాటు రికార్డింగ్, మాస్టరింగ్ ఇంజినీర్ల పేర్లు కూడా వేయండి. విన్నది ఏ ఏడాది ప్రతి అన్నదీ రాయండి.

భవదీయుడు,
ఒక రికార్డింగ్ ఇంజినీరు, హైదరాబాద్