చంద్రగిరి కోట గోడ కాడ నన్ను కిందికి దించిన వాళ్ళకు

పోయిన ఆదివారం సాయంత్రం చంద్రగిరి కోట కొండ మీద కాలు బెణికి కూలబడిపోయిన నీలం చుడీదారు ఆమెను నేనే. ఆ పొద్దు సాయం చేసిన వాళ్ళ పేర్లు కూడా అడగలేదు, నొప్పికి బుద్ధి పన్జేయలేదు. చంద్రగిరి వాళ్ళెవరైనా ఇది చదివితే వాళ్ళ చెవిన వేయండి.

తప్పంతా నాదే. తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, కోటకు ఎన్నిసార్లు పోయుంటానో లెక్కలేదు. పోవడం, రాజమహల్ చూడ్డం, చెట్టు కింద పులిహోర తినడం, వచ్చేయడం. ఈసారి మా చెల్లెలి కూతురు తగులుకుంది. డిగ్రీలో హిస్టరీ చదువుతోంది. "ఎప్పుడూ మహలేనా పెద్దమ్మా, గోడెంబడి పైకి పోదాం రా" అనింది. సరే అన్నాను. ఎక్కింది మధ్యాహ్నం మూడు దాటినాక. కాళ్ళకు అరిగిన చెప్పులు, ఇద్దరికీ కలిపి లీటరు నీళ్ళు.

ఆ కొండ ఆరొందల అడుగులంట. కింద నిలబడి చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, ఎక్కితే తెలుస్తుంది. పాప దారి పొడుగునా చెప్తానే ఉంది. సాళువ నరసింహరాయలు ఈ చంద్రగిరి నుంచే ఎదిగి 1485లో విజయనగరం గద్దె ఎక్కినాడని, 1565 యుద్ధంలో హంపీ పోయినాక రాజధాని పెనుకొండకు, ఆ తర్వాత ఇక్కడికి వచ్చిందని, 1646లో గోల్కొండ వాళ్ళ పాలైందని, 1782లో హైదరాలీ పట్టుకున్నాడని. ఇంత గోడ కట్టుకోని ఇన్నిసార్లు పోగొట్టుకున్నారా అని అడిగితే నా మీద అలిగింది.

ఆ గోడ మాత్రం చూడాల్సిందే. సున్నం లేదు, మట్టి లేదు, బండ మీద బండ పేర్చినారు. రాళ్ళ అంచుల్లో వరసగా చిన్న చిన్న గుంటలు. బండను చీల్చడానికి ముందు ఆ గుంటలు తొలిచి, వాటిల్లో చీలలు దిగ్గొట్టేవాళ్ళంట. బండ పగిలితే గుంటలో సగం ఈ ముక్కకు, సగం ఆ ముక్కకు. అంటే ప్రతి రాయికీ ఎక్కడో ఒక చోట జోడు రాయి ఉండాలి కదా. ఇద్దరం పిల్లల మాదిరి జోళ్ళు వెతకడం మొదలుపెట్టినాం. ఒక రాయికి జోడు పైవరసలో ఉందేమోనని తలెత్తి చూస్తా వెనక్కి అడుగేసినాను. గులకరాయి జారింది. అంతే.

పాప ఏడుపు మొహం పెట్టింది. ఫోన్లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. పొద్దు వాలుతోంది. అప్పుడు మేకల గంటలు వినిపించినాయి, వాటి వెనకాలే ఒక పెద్దాయన.

"ఏం మా, పడితివా?" అన్నాడు. కోప్పడలేదు, ఎందుకెక్కినావని అడగలేదు. భుజం మీది తువ్వాలు తీసి, తన సీసాలో నీళ్ళు పోసి తడిపి, మడమ చుట్టూ బిగించి కట్టినాడు. ఆకు దూసే దోటి నా చేతికిచ్చి ఊతంగా పట్టుకోమన్నాడు. మేమొచ్చిన దోవన కాకుండా గోడ పక్కనే నడిపించినాడు. "ఈడ రాళ్ళు పడిపోయుండాయి. కిందుగా ఒక సందుంది. మా మేకలు ఆ సందులోనే దిగతాయి, నువ్వూ అట్లనే దిగు." అట్లనే దిగినాను, చాలా చోట్ల కూర్చోని జరుగుతా. ఆయన మేకలు ముందే కిందికి పోయినాయి. చేలల్లో పడతాయేమో చూసుకో నాయనా అంటే "వాటికి ఇల్లు తెలుసు" అని నాకోసమే నిలబడినాడు. గంట పైనే పట్టింది.

సందు కాడ ఎదురైన నలుగురు కాలేజీ పిల్లోళ్ళు చేతులు అల్లి పీట వేసి మట్టిదోవ దాకా మోసినారు. నా బరువు నాకు తెలుసు, వాళ్ళ చేతులు ఇంకా నొప్పి పెడతా ఉంటాయి. కోట వాకిలి కాడ జామకాయలమ్మే అక్క తన స్టూలు ఇచ్చి కూర్చోబెట్టింది. ఆటో అన్న మామూలు చార్జీకి పైన ఒక్క రూపాయి తీసుకోలేదు, గతుకుల కాడ మెల్లగా పోయినాడు. అందరికీ దండాలు.

బొక్క విరగలేదు, నరం సాగిందన్నారు, మూడు వారాలు కాలు కింద పెట్టొద్దంట. పుత్తూరు కట్టు వేయించమని ఫోన్ చేసిన బంధువులందరికీ కూడా కృతజ్ఞతలు, ఈసారికి అవసరం పడలేదు.

పెద్దాయనకు ఐదొందలు ఇవ్వబోయినాను. "దుడ్లు వద్దులేమా, దోటి ఇచ్చేయ్, రేప్పొద్దన ఆకు దూయాల" అని దోటి తీసుకోని చీకట్లోకి పోయినాడు. తువ్వాలు నా కాలికే ఉండిపోయింది. తెల్లది, ఎర్ర అంచు, ఒక మూల బీడీ నిప్పుకు కాలిన చిల్లు. ఉతికి పెట్టినాను. కోట వెనక కొండ మీద మేకలు కాసే ఆయన ఇల్లెక్కడో తెలిసినవాళ్ళు కామెంట్లో వీధి పేర్లు పెట్టకుండా నాకు విడిగా చెప్పండి. కాలు కింద పెట్టినాక పాపను తోడు తీసుకోని వస్తాను. కొత్త తువ్వాలు కూడా ఒకటి కొన్నాను గానీ, ఆయన వాలకం చూస్తే పాతదే అడిగేట్టున్నాడు.