నీళ్ళ గ్లాసు

సామర్లకోట

చిట్టితల్లీ,

రాత్రి నువ్వు ఫోన్లో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "నాన్నా, పన్నెండు మందికి నన్ను లీడ్ చేశారు. చెప్పింది చేస్తున్నారు, చెప్పనిది ఒక్కటీ ముట్టుకోవట్లేదు" అన్నావు. నిద్ర పట్టక ఇది రాస్తున్నా. ఫోన్లో అయితే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది.

నేను రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌లో చేరిన కొత్తలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌కి సాయంత్రానికి ఒక్కటే కావాలి: పట్టాల కింద ఎన్ని స్లీపర్లకి ప్యాకింగ్, అంటే కంకర కూరి గట్టిచేయడం, అయింది? లెక్క చెప్పేవాళ్ళం. కంకర పైపైన కొట్టినా లెక్కలోకే వచ్చేది. ఆయన తర్వాత వచ్చినాయన మొదటి వారమే మమ్మల్ని ప్యాసింజరు చివరి పెట్టెలో ఎక్కించాడు. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి సీటు చివర పెట్టి, తను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పక్క గ్యాంగు వాళ్ళ లైను మీద నీళ్ళు ఊగాయంతే. మేం చూసుకునే లైను, మా బీట్‌లోకి రాగానే గ్లాసు ఒలికి ఎదురుగా ఉన్న ముసలమ్మ చీర తడిసింది. "ఏం బండి నాయనా ఇది" అని ఆవిడ విసుక్కుంది. మా గ్యాంగు పెద్ద, మేటు, తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, కంకర కొట్టే బీటర్లు పట్టుకుని ఆ చోటికే పోయాం.

మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారి సంగతి నీకు చిన్నప్పుడు చెబితే విసుక్కునేదానివి. 1964 డిసెంబరు తుఫానుకి రామేశ్వరం వెళ్ళే పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోయింది. బాగు చేయడానికి రైల్వే ఆరు నెలలు గడువిస్తే, పై అధికారి దాన్ని మూడుకి తగ్గించాడు. ఈయన 46 రోజుల్లో నిలబెట్టారు. సముద్రంలో పడ్డ గర్డర్లనే పైకి తీయించి మళ్ళీ వాడారు. అప్పటికి రామేశ్వరానికి రోడ్డు వంతెన లేదు, అది 1988లో వచ్చింది. అంటే ఆ పట్టాలు లేకపోతే ద్వీపానికి పడవే గతి. ఆ పని ఎందుకో అక్కడ ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.

కొంకణ్ రైల్వేలో, ఢిల్లీ మెట్రోలో ఆయన ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపించే గడియారాలు పెట్టించారు. అందరూ వాటి గురించే చెబుతారు. నాకైతే 2009 జులై గుర్తొస్తుంది. ఢిల్లీలో కడుతున్న మెట్రో వంతెన కూలి మనుషులు పోతే, బాధ్యత నాదేనని ఆయన రాజీనామా ఇచ్చారు. దాన్ని ఆమోదించలేదు, అది వేరే సంగతి. అలాంటి మనిషి పెట్టిన గడియారం కాబట్టి పనిచేసింది. మా మొదటి ఇన్‌స్పెక్టరు పెట్టి ఉంటే ఉత్త టెన్షనే.

మీరు చేసేది ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అన్నావు కదా. అమ్మమ్మని డిశ్చార్జి చేసిన రోజు గుర్తుందా? పొద్దున పదకొండుకి ఇంటికెళ్ళొచ్చన్నారు, బిల్లు తేలేసరికి నాలుగైంది. చక్రాల కుర్చీలో కూర్చోలేక ఆవిడ నా భుజం మీద వాలిపోయింది. మీ పన్నెండు మందిలో అలాంటి కౌంటర్ ముందు కూర్చున్నవాళ్ళు ఎందరు? అడుగు. ఒక పూట వాళ్ళని తీసుకెళ్ళి అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టు. నువ్వూ కూర్చో. ఏం మాట్లాడకు.

సున్నుండలు కొరియర్లో వేశాను. డబ్బా పెద్దదే, ఆఫీసుకీ పట్టుకెళ్ళు.

నాన్న